పూర్తయిన ఒక్క వ్యాగన్

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పిల్లలకు బండి చేయడం ఎవరూ నేర్పనక్కర్లేదు. రెండు తాటిబుర్రలు, వాటిని కలిపే ఒక పుల్ల, తోయడానికి చివర చీలిన పంగల కర్ర ఉంటే చాలు. పది నిమిషాల్లో బండి సిద్ధమవుతుంది. భోజనాల వేళకి ఊరంతా తిరిగొస్తుంది. చిన్నప్పుడు నేను అలాంటివి ఎన్ని చేశానో లెక్కలేదు. మొదలుపెట్టిన ప్రతి బండీ పూర్తయింది.

నలభై ఏళ్లు దాటేసరికి నా బీరువాలో పదకొండు పెట్టెలు పోగయ్యాయి. అన్నీ నమూనా రైళ్ల కిట్లే. ఇత్తడి రేకులు, తెల్ల లోహపు పోతలు, చిన్న చిన్న చక్రాలు. ప్రతి పెట్టెనీ ఎంతో ఇష్టంతో కొన్నాను. మూడు పెట్టెల్లో పని సగంలో ఆగింది. ఎనిమిదింటికి సీలు కూడా విప్పలేదు. తాటిబుర్రల బండి పది నిమిషాల్లో ముగించిన చేతులకు ఏమైందని ఒక రాత్రి ఆ పెట్టెల ముందు కూర్చుని ఆలోచించాను.

మొదలుపెట్టడానికి ఉత్సాహం చాలు. పూర్తి చేయడం మాత్రం ఒక విద్య. ఈత లాగా, సైకిలు తొక్కడం లాగా దాన్ని నేర్చుకోవాలి, సాధన చేయాలి. ఉద్యోగం, వ్యాపారం, ఇల్లు కట్టడం లాంటి పెద్ద పనుల మీద నేర్చుకుందామంటే తప్పు జరిగిన ప్రతిసారీ ఖరీదు ఎక్కువ. అదే విద్యను అగ్గిపెట్టెంత వ్యాగన్ మీద నేర్చుకుంటే నష్టం గుప్పెడు లోహం, రెండు ఆదివారాలు.

ఆ రాత్రి ఒక్క పెట్టె బయటికి తీశాను. నాలుగు నెలల్లో ఒక వ్యాగన్ పూర్తి చేశాను. అది నేర్పిన పాఠాలు మీతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

1. ఇంజను వద్దు, వ్యాగన్ చాలు

కొత్తగా ఈ అభిరుచిలోకి వచ్చిన ప్రతివాడి కన్నూ ఇంజను మీదే ఉంటుంది. నాదీ అంతే. ఇంజనుకు మోటారు, గేర్లు, కడ్డీలు, వందల ముక్కలు. నా సగంలో ఆగిన మూడు పెట్టెలూ ఇంజన్లవే. నాలుగు చక్రాల వ్యాగన్‌కు ఒక చట్రం, నాలుగు గోడలు, రెండు ఇరుసులు. రైలంటే అందరికీ ఇంజనే గుర్తొస్తుంది, కానీ విద్య వ్యాగన్ దగ్గరే అబ్బుతుంది.

మా ప్రాంతపు చిన్న రైలు కథ కూడా ఇదే చెబుతుంది. పర్లాకిమిడి మహారాజా గౌరచంద్ర గజపతి తన రాజధానిని మెయిన్ లైను మీది నౌపడతో కలపాలనుకున్నారు. పెద్ద గేజి జోలికి పోలేదు. పట్టాల మధ్య రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు మాత్రమే ఉండే చిన్న లైను వేయించారు. 1898లో అనుమతి వచ్చింది. 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. దూరం సుమారు 40 కిలోమీటర్లు. మొదటి ఏళ్లన్నీ నష్టాలే. 1910 తర్వాత గాని కొద్దిపాటి లాభం కళ్లబడలేదు. లైను నిలదొక్కుకున్నాకే 1929లో, 1931లో రెండు విడతలుగా గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం దాదాపు 90 కిలోమీటర్లు.

మొదటి 40 కిలోమీటర్లు పూర్తయి, బండి తిరిగి, జనం ఎక్కి దిగాక మిగతా 50 వచ్చాయి. మీ జీవితంలో ఇప్పుడు మీరు వేయాలనుకుంటున్న లైను ఎంత పొడవు? అందులో మొదటి స్టేషన్ దాకా ఎంత? ముందు అంతవరకే గీసుకోండి. ఇంగ్లీషు నేర్చుకోవాలంటే ఒక పేజీ. వంట నేర్చుకోవాలంటే ఒక పప్పు. వ్యాపారమైతే ఒక్క ఖాతాదారు.

2. జిగురు మూత తీయకముందే సగం పని

పెట్టె విప్పగానే అతికించేయాలని చేతులు ఉబలాటపడతాయి. నేను పాడుచేసిన మూడు కిట్లకూ కారణం ఆ ఉబలాటమే. ఈసారి ఒక నియమం పెట్టుకున్నాను. మొదటి వారం జిగురు గాని టంకం గాని ముట్టుకోకూడదు.

ఆ వారంలో ముక్కలన్నీ పళ్లెంలో పోసి లెక్కపెట్టాను. సూచనల కాగితం మూడుసార్లు చదివాను. పోత ముక్కల అంచుల్లో మిగిలిన పొరను సన్నని ఆకురాయితో తీశాను. ఇత్తడి రేకులో మడవాల్సిన చోట సగం మందమే ఉన్న గీత ఒకటి ఉంటుంది. ఆ గీత మడతకు లోపలి వైపు రావాలి. తిరగేసి మడిచి, మళ్లీ సరిచేయబోతే రేకు విరుగుతుంది. కిట్ తయారుచేసినవాడు ముందే దారి గీసి పెట్టాడు, చూసుకోవడమే మన పని. తర్వాత ముక్కల్ని ఊరికే ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి, రబ్బరు బ్యాండుతో కట్టి, ఎక్కడ కుదరలేదో చూశాను. రెండు చోట్ల కుదరలేదు. జిగురు పడకముందు తెలిసింది కాబట్టి ఆకురాయితో పోయింది.

మన పెద్దవాళ్లు పెళ్లి మాటలకు ముందు పదిసార్లు వాకబు చేసేవారు. పొలం కొనే ముందు గట్లన్నీ తిరిగేవారు. ఆ వాకబు కూడా పనిలో భాగమే. ఏ పనికైనా మీరిచ్చే సమయంలో కనీసం నాలుగో వంతు ముక్కలు లెక్కపెట్టడానికి కేటాయించండి. ఏముంది, ఏం లేదు, ఎక్కడ కుదరదు. ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకున్నాకే మొదలుపెట్టండి.

3. మొదటి మూల మట్టంగా ఉండాలి

నా వ్యాగన్ కొలత 1:87. అసలు బండి మీద 87 మిల్లీమీటర్లు ఉన్నది నా బల్ల మీద ఒక్క మిల్లీమీటరు. అంటే నా చెయ్యి ఒక్క మిల్లీమీటరు జారితే అసలు బండి మీద నాలుగు వేళ్ల వెడల్పు తప్పు పోయినట్టే. పదిహేను అడుగుల వ్యాగన్ ఇక్కడ అయిదు సెంటీమీటర్ల పైచిలుకు. ఆ పొడవులో తప్పును దాచే చోటు లేదు.

రెండు గోడలు కలిసే మొదటి మూల దగ్గర నేను ఒక సాయంత్రమంతా గడిపాను. చిన్న మూలమట్టం ఆనించి, అద్దం పలక మీద నిలబెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూశాను. మొదటిది వెంట్రుకవాసి వంకర. పోనీలే అనిపించింది. కానీ మొదటి మూల వంకరైతే రెండోది దాన్ని సరిపెట్టుకోవడానికి వంగుతుంది, మూడోది రెండోదాన్ని సరిపెట్టుకుంటుంది, నాలుగో గోడ అసలు కుదరదు. అప్పుడు తప్పు నాలుగో గోడదేననిపిస్తుంది. నిజానికి అది మొదటి సాయంత్రం చేసిన తప్పు.

సంసారంలోనూ, ఆఫీసులోనూ నాలుగో గోడతో పోట్లాడేవాళ్లు చాలామంది. ఈ రోజు ఇబ్బంది పెడుతున్న విషయాన్ని వెనక్కి తవ్వుకుంటూ పోండి. మొదటి మూల ఎక్కడుంది? మొదటి అబద్ధమా, మొదటి వాయిదానా, మొదటి అప్పా? అక్కడ విప్పి సరిచేయడానికి ధైర్యం కావాలి. నేను ఆ సాయంత్రం ఆ మూలను విప్పి మళ్లీ కూర్చాను. ఒక రోజు ఆలస్యమైంది. మిగతా మూడు మూలలూ కలిపి గంట కూడా పట్టలేదు.

4. లోహం కంటే అచ్చు ముఖ్యం

కిట్‌లో వచ్చిన యాక్సిల్ బాక్సులు, అంటే ఇరుసు చివరల్ని పట్టుకునే గూళ్లు, రెండు విరిగిపోయాయి. విడిగా దొరికే వీలు లేదు. పోత పోసుకోవడం తప్ప దారి లేదు. పోత అనగానే శ్రీకాకుళం వాడికి గుర్తొచ్చే ఊరు బుడితి. కంచు, ఇత్తడి పనికి పేరున్న ఊరు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అక్కడ చెంబులు, బిందెలు, గంటలు చేసిన తరాలున్నాయి.

నేను వెళ్లి ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. లోహం ఎంత వేడెక్కాలి, ఏ పాళ్లలో కలపాలి, ఎంతసేపు మూసలో ఉంచాలి అని ఒకదాని వెంట ఒకటి అడిగాను. ఆయన నవ్వి అన్నాడు: “ఏటి బాబూ, వచ్చిన కాడి నుంచీ లోహం గురించే అడుగుతున్నావు. అచ్చు గురించి అడగవేటి?”

ఆ ఒక్క మాటకే నా ప్రయాణం ఖర్చు తీరిపోయింది. కొలిమి దగ్గర మన కళ్లను లాగేది కరిగిన లోహపు ఎరుపు. పని జరిగేది దానికి ముందు, మట్టి దగ్గర. మట్టి మెత్తగా నలగాలి. అచ్చు పూర్తిగా ఆరాలి. లోపల తడి మిగిలితే అది కాగిన లోహం తగలగానే ఆవిరై చిమ్ముతుంది, పోసేవాడి ప్రాణం మీదికి తెస్తుంది. లోహం లోపలికి వెళ్లే దారి ఎంత ముఖ్యమో గాలి బయటికి పోయే దారీ అంతే ముఖ్యం. గాలి ఇరుక్కున్న చోటికి లోహం వెళ్లదు, అక్కడ గుంట మిగులుతుంది. అచ్చులో వేలిముద్ర ఉంటే గంట మీదా వేలిముద్ర ఉంటుంది.

ఇత్తడి కరగాలంటే వేడి 900 డిగ్రీలు దాటాలి. అది ఇంట్లో చేసే పని కాదు. నమూనా ముక్కలకు అంత అవసరం లేదు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. తగరంలో కాస్త ఆంటిమొనీ కలిసిన తెల్ల లోహం సన్నని గీతల్ని కూడా బాగా పట్టుకుంటుంది. పాత రకాల్లో సీసం ఉంటుంది. అది ఒంటికి విషం. కొనేటప్పుడు సీసం లేనిదే అడిగి తీసుకోండి.

బుడితి పాఠంతో ఇంటికొచ్చి, మిగిలిన ఒక మంచి యాక్సిల్ బాక్సును సగం వరకు మెత్తని బంకమట్టిలో పొదిగి, చుట్టూ చిన్న పెట్టె కట్టి, వేడిని తట్టుకునే సిలికాన్ రబ్బరు పోశాను. ఒక రోజు ఆగాను. తిరగేసి, మట్టి తీసేసి, రెండు సగాలు అంటుకోకుండా వాజిలీన్ రాసి, రెండో సగం పోశాను. మళ్లీ ఒక రోజు. తర్వాత లోహం దిగే దారి, గాలి పోయే సన్నని దారులు బ్లేడుతో కోశాను. లోపల టాల్కం పౌడరు పల్చగా చల్లి దులిపాను. నాలుగు రోజులు అచ్చుకు పట్టింది. లోహం పోయడానికి నాలుగు సెకన్లు.

మీరు ఇంటర్వ్యూకు వెళ్లే రోజు, వేదికెక్కే రోజు, పరీక్ష రాసే రోజు కరిగిన లోహం లాంటివి. అందరూ చూసేది ఆ నాలుగు సెకన్లే. దాని ఆకారం మాత్రం ఎవరూ చూడని నాలుగు రోజుల్లో నిర్ణయమైపోతుంది. అలవాట్లే మీ అచ్చు. నిద్ర వేళ, చదువు వేళ, మాట తీరు. వాటి మీద వేలిముద్ర పడకుండా చూసుకోండి.

5. పాడైన పోత మళ్లీ మూసలోకే

మొదట పోసిన ఎనిమిదింటిలో ఒక్కటీ నిండలేదు. సగం ముక్కలు, గుంటలు పడ్డ ముక్కలు. పాత రోజుల్లో అయితే ఆ పెట్టె కూడా బీరువాలోకి పోయేది. ఈసారి కారణం వెతికాను. అచ్చు చల్లగా ఉంది. చల్లని అచ్చులోకి దిగిన లోహం చివరి మూలకు చేరకముందే గడ్డకడుతుంది. అంటే మొదటి పోతలు అచ్చును వేడి చేయడానికే. పోత పని తెలిసినవాళ్లు వాటిని లెక్కలోకే తీసుకోరు. తొమ్మిదోది దాదాపు నిండింది. పదకొండోది నాకు కావాల్సిన మొదటి ముక్క.

ఆ పది ముక్కల్ని ఏం చేశానంటారా? మళ్లీ గరిటెలో వేసి కరిగించాను. పదకొండోది ఆ లోహంతోనే వచ్చింది. పైన తేలిన మడ్డి తీసేస్తే లోహం ఎక్కడికీ పోదు.

ఉద్దానం వాళ్లకు ఈ మాట కొత్తగా చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో నేలకూలాయి. తాతల నాటి చెట్టు పడిపోయిన చోట గొయ్యి తవ్వి మళ్లీ మొక్క పెట్టిన రైతుకు, ఆ మొక్క గెల వేయడానికి ఏళ్లు పడుతుందని తెలుసు. తెలిసే పెట్టాడు. ఆ మనిషి పక్కన పెట్టి చూస్తే, సగం నిండిన పోత ముక్క ముందు కూర్చుని దిగులుపడడానికి నాకేం హక్కుంది?

ఓటమి ఎదురైతే రెండు పనులు చేయండి. మొదటిది, అచ్చు చల్లగా ఉందేమో చూడండి. కొత్త ఊళ్లో, కొత్త ఉద్యోగంలో, కొత్త విద్యలో మొదటి కొన్ని ప్రయత్నాలు వేడి పుట్టించడానికే. వాటితో మీ సత్తా కొలుచుకోకండి. రెండోది, లోహం దాచుకోండి. ఆ ప్రయత్నంలో నేర్చుకున్నది, పరిచయమైన మనుషులు, రాసుకున్న కాగితాలు పారేయకండి. తర్వాతి పోతకు అదే ముడిసరుకు.

6. ఒకే వేడి అందరికీ పనికిరాదు

ఇత్తడి చట్రానికి టంకం వేసేటప్పుడు సోల్డరింగ్ ఐరన్ బాగా వేడిగా ఉండాలి. తక్కువైతే అతుకు పైకి బాగానే కనిపిస్తుంది, వేలితో తట్టగానే ఊడుతుంది. అదే వేడితో తెల్ల లోహపు ముక్కను తాకితే కళ్లముందే చుక్కై జారిపోతుంది. నేను ఒక అందమైన బ్రేకు లివరును అలాగే పోగొట్టుకున్నాను.

తెల్ల లోహానికి వేరే టంకం ఉంది. 70 డిగ్రీలకే కరుగుతుంది. అంటే మరిగే నీళ్ల వేడి కూడా అక్కర్లేదు. ముక్క శుభ్రంగా ఉండాలి, ఫ్లక్స్ రాయాలి, ఐరన్ వేడి బాగా తగ్గించాలి. అప్పుడు అతుకు గట్టిగా నిలుస్తుంది.

ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే ఈ పాఠం మీకే. ఒకడికి గట్టిగా చెబితేనే తలకెక్కుతుంది. ఇంకొకడు ఆ గొంతు తగిలితే కరిగిపోతాడు. మళ్లీ ఆ ఆకారం రాదు. మీ కింద పనిచేసేవాళ్లలోనూ ఇత్తడి ఉంటుంది, తగరం ఉంటుంది. రెంటికీ విలువుంది. ఎవరితో మాట్లాడే ముందైనా ఒక్క క్షణం ఆగి, ఈ మనిషి ఏ వేడికి అతుకుతాడో చూసుకోండి. మీ విషయంలో కూడా అంతే. పొద్దున్నే అయిదింటికి లేచి చదవడం మీ స్నేహితుడికి కుదిరి మీకు కుదరకపోతే మీరు చెడ్డ లోహమని కాదు. మీ వేడి వేరు.

7. ఒక ఇరుసు కదలాలి

చట్రం పూర్తయింది. నాలుగు చక్రాలూ బిగించాను. అద్దం మీద పెడితే మూడు చక్రాలు ఆనాయి, నాలుగోది గాల్లో ఉంది. ఎంత జాగ్రత్తగా చేసినా నాలుగు చక్రాలూ ఒకే మట్టంలోకి రావడం కష్టం. ఒకవేళ వచ్చినా పట్టాలు మట్టంగా ఉండవు. గాల్లో ఉన్న చక్రం మలుపు రాగానే పట్టా దిగిపోతుంది.

నమూనాకారులు దీనికి కనిపెట్టిన ఉపాయం చాలా సరళమైనది. ఒక ఇరుసును చట్రానికి గట్టిగా బిగిస్తారు. రెండో ఇరుసును మధ్యలో ఒక తీగ మీద నిలిపి అటూ ఇటూ కొద్దిగా ఊగనిస్తారు. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కదలకుండా నిలుస్తుంది కదా. బిగించిన ఇరుసుకు రెండు ఆనికలు, ఊగే ఇరుసుకు మధ్యలో ఒకటి. మొత్తం మూడు. అప్పుడు నాలుగు చక్రాలూ పట్టాను వదలవు. అసలు బండిలో ఆ పని కమాన్ కట్టలు చేస్తాయి.

మనిషికి ఒక ఇరుసు బిగిసి ఉండాలి. అది మీ మాట, మీ నిజాయితీ, మీరు దాటకూడదనుకున్న గీత. రెండో ఇరుసు కదలాలి. అది మీ పద్ధతి, మీ వేళలు, మీ అభిప్రాయాలు. రెండూ బిగించిన మనిషి మొదటి మలుపులోనే పట్టా తప్పుతాడు. రెండూ వదిలేసిన మనిషి అసలు కదలడు. ఈ రాత్రి ఒక కాగితం మీద నిలువు గీత గీసి, ఎడమవైపు మీరు మార్చుకోనివి, కుడివైపు మార్చుకోవడానికి సిద్ధంగా ఉన్నవి రాయండి. ఎడమవైపే పెరిగిపోతుంటే మీ బండి అద్దం మీద మూడు చక్రాల మీద నిలబడి ఉందన్నమాట.

8. బరువు అడుగున ఉండాలి

తేలికైన వ్యాగన్ అందంగా ఉన్నా నడవదు. ముందు వెనకల బండ్లు లాగితే మలుపులో పైకి లేస్తుంది. చాలామంది పాటించే లెక్క ఇరుసుకు 25 గ్రాములు. నా వ్యాగన్‌కు రెండు ఇరుసులు, అంటే 50 గ్రాములు కావాలి. తూస్తే 31 వచ్చింది. అడుగున, ఇరుసుల మధ్య సన్నని లోహపు పలక పోసి పెట్టాను. పైన సరుకుగా నౌపడ ఉప్పు పోద్దామనుకున్నాను. నా చిన్నతనంలో అమ్మమ్మగారి ఊరు పాతపట్నం వెళ్లే చిన్న రైలెక్కడానికి నౌపడ వెళ్తే, తెల్లగా మెరిసే ఆ ఉప్పు మడులే మొదట కనిపించేవి. కానీ ఉప్పు లోహాన్ని తింటుంది. ప్రేమతో పోసిన సరుకే బండిని కొరికేస్తుంది. అందుకని టెక్కలి గ్రానైటు ముక్కల్ని రవ్వలా కొట్టి పోశాను. మా ప్రాంతం కూడా బండెక్కింది, బరువూ కలిసొచ్చింది.

బరువు పైన ఉంటే బండి తూలుతుంది. కింద ఉంటే నిలుస్తుంది. పదవి, డిగ్రీ, ఫోను, దుస్తులు పైబరువు. పని మీద పట్టు, కాస్త పొదుపు, ఒంటి ఆరోగ్యం, కష్టంలో తలుపు తట్టగలిగే ఇద్దరు మనుషులు అడుగుబరువు. మీకు ఎన్ని గ్రాములు తక్కువో నిజాయితీగా తూచుకోండి.

9. పూర్తి అంటే ఏమిటో ముందే రాసుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పాఠం. చాలా పనులు ఆగిపోవడానికి కారణం బద్ధకం కాదు. ఎక్కడ ఆపాలో తెలియకపోవడం. ఇంకా బాగా చేయాలి, ఇంకొంచెం నిజంగా కనిపించాలి అనుకుంటూ సాగదీస్తాం. సాగిన పని ఒక రోజు పెట్టెలోకి పోతుంది.

762 మిల్లీమీటర్ల గేజిని 87తో భాగిస్తే 8.76 వస్తుంది. నమూనా లోకంలో దానికి వాడేది 9 మిల్లీమీటర్ల పట్టా. ఆ కొద్ది తేడా అసలు లైను మీద 21 మిల్లీమీటర్లవుతుంది. ఎన్నో దేశాల నమూనాకారులు ఆ తేడాతోనే అందమైన రైళ్లు నడుపుతున్నారు. చక్రాల మధ్య దూరంలో మాత్రం అంత తప్పును ఒప్పుకోరు. అది తప్పితే బండి పట్టా దిగుతుంది. ఎక్కడ రాజీపడొచ్చు, ఎక్కడ పడకూడదు అన్నది తెలియడమే పనితనం.

నేను పెట్టె మూత లోపలి వైపు మూడు వాక్యాలు రాసి పెట్టుకున్నాను. నాలుగు చక్రాలూ ఆనాలి. పది చుట్లు పట్టా దిగకుండా తిరగాలి. మూడడుగుల దూరం నుంచి చూస్తే బాగుండాలి. ఈ మూడూ కుదిరిన రోజు పని పూర్తి. ఒక పలక మీద రంగు కాస్త మందంగా పడింది. మూడడుగుల నుంచి కనిపించలేదు. వదిలేశాను. పదకొండో చుట్టు మొదలైన క్షణంలో నాకు కలిగిన సంతోషం, పదకొండు పెట్టెలు కొన్నప్పుడు కలిగిన సంతోషాలన్నీ కలిపినా రాదు.

పూర్తయిన ఒక్క చిన్న వస్తువు ఎంత దూరం తీసుకెళ్తుందో ఎవరూ ముందే చెప్పలేరు. లివర్‌పూల్‌లో గుమాస్తాగా పనిచేసిన ఫ్రాంక్ హార్న్‌బీ తన ఇద్దరు కొడుకుల కోసం రేకు ముక్కలు కోసి, చిల్లులు పెట్టి, మరలతో బిగించే బొమ్మ చేశాడు. 1901లో దానికి పేటెంటు తీసుకున్నాడు. మెకానో అక్కడ పుట్టింది. 1920లో హార్న్‌బీ రైళ్లు వచ్చాయి. పుణెలో బి.ఎస్. జోషి చిన్న రైళ్ల మీద పెంచుకున్న ఇష్టం 1998 ఏప్రిల్ 1 నాటికి జనం వచ్చి చూసే మ్యూజియంగా తయారైంది.

ఈ నెల మీరు చేయాల్సింది

దీనికి కిట్లే కొననక్కర్లేదు. పెళ్లి శుభలేఖల అట్ట, స్కేలు, బ్లేడు, జిగురు చాలు.

మొదటి వారం: పలాస స్టేషన్‌కు గాని మీ ఊరి స్టేషన్‌కు గాని వెళ్లండి. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఒక్క వ్యాగన్‌ను అరగంట చూడండి. తలుపులెన్ని, చక్రాలెన్ని, అడుగున ఏమున్నాయి? పుస్తకంలో బొమ్మ వేయండి. పట్టాల మీదికి మాత్రం దిగకండి.

రెండో వారం: దాని పొడవు, ఎత్తు అంచనా వేసి, వాటిని 87తో గాని, సులువుగా ఉండాలంటే 50తో గాని భాగించి అట్ట మీద గీయండి. కోయకండి.

మూడో వారం: కోసి, జిగురు లేకుండా నిలబెట్టి చూడండి. కుదరనివి సరిచేసి, మూలమట్టం ఆనించి అతికించండి.

నాలుగో వారం: రంగు వేయండి, అడుగున బరువు పెట్టండి, ఆపండి.

లోహం పోత జోలికి వెళ్లాలనుకునే పిల్లలు తెలిసిన పెద్దవాళ్లు పక్కన లేకుండా వెళ్లకూడదు. కళ్లద్దాలు, తోలు చేతితొడుగులు, కాళ్లకు బూట్లు, గాలి ఆడే చోటు ఉండాలి. పోసే చోట ఒక్క నీటి చుక్క కూడా ఉండకూడదు. ఈ నియమాలకు మినహాయింపు లేదు.

నౌపడ నుంచి టెక్కలి, తెంబూరు, పాతపట్నం మీదుగా వెళ్లిన ఆ చిన్న రైలు 2004లో ఆగిపోయింది. అదే దారిలో 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపురం దాకా పెద్ద గేజి బండి వచ్చింది. మొదటి 40 కిలోమీటర్లు పూర్తి చేసినవాళ్లు వేసిన దారి అది. ఈనాటికీ నడుస్తోంది.

మీ ఇంట్లో కూడా ఒక పెట్టె ఉంటుంది. సగం రాసిన పుస్తకం కావచ్చు, ఆగిపోయిన కుట్టుపని కావచ్చు, తీగలు తెగిన వీణ కావచ్చు. ఈ రాత్రి ఒక్కటే, అన్నిటికంటే చిన్నది, బయటికి తీయండి. దాని మీద ఇవాళ్టి తేదీ వేయండి. ఆ కింద, పూర్తయిన తేదీ రాయడానికి చోటు వదలండి.